బార్కస్‌కు చేరని ముసాయిదా



2024 ఆగస్టు 28న కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ గెజెట్‌లో ఒక ముసాయిదా అచ్చయింది. మన ఫోన్లలో సాగే మాటల్ని, రాతల్ని ప్రభుత్వం ఎప్పుడు వినవచ్చు, ఎవరి ఆర్డరుతో వినవచ్చు, విన్నదాన్ని ఎన్నాళ్లు దగ్గర ఉంచుకోవచ్చు అని చెప్పే నియమాల ముసాయిదా అది. దాని మీద అభ్యంతరాలున్నా, సూచనలున్నా ముప్పై రోజుల్లో రాసి పంపమని ప్రజలను కోరారు. చిరునామా కూడా ఇచ్చారు: సంచార్ భవన్, 20 అశోకా రోడ్డు, న్యూఢిల్లీ. గడువు ముగిసింది. అదే ఏడాది డిసెంబర్ 6న నియమాలు ఖరారై అమల్లోకి వచ్చాయి.

ఆ ముప్పై రోజుల్లో ఆ కాగితం బార్కస్‌కు చేరిందా? ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

బార్కస్ చూడని శ్రోతల కోసం రెండు మాటలు చెబుతాను. హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన, చాంద్రాయణగుట్ట దాటి పహాడీ షరీఫ్ వైపు పోయే దారిలో ఉంటుంది ఆ బస్తీ. నిజాం కొలువులో సిపాయిలుగా పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు అక్కడ తరతరాలుగా ఉంటున్నారు. చావుష్‌లని పిలుస్తాం వాళ్లను. ఇప్పుడు నగరం నలుమూలల నుంచి జనం అక్కడికి మండీ తినడానికి పోతున్నారు. జామకాయల కాలంలో బార్కస్ జామ అని అడిగి మరీ కొనుక్కుంటారు. తెల్లవారుజామున హరీస్ కోసం నిలబడేవాళ్లున్నారు. ఇదంతా పైకి కనిపించే బార్కస్. కనిపించనిది ఇంకొకటుంది. ఆ గల్లీల్లో గల్ఫ్‌తో ముడిపడని ఇల్లు అరుదు. కొడుకు జెద్దాలో, అల్లుడు షార్జాలో, మేనమామ కుటుంబం యెమెన్‌లోని ముకల్లాలో. ఒకప్పుడు ఐఎస్‌డీ బూతుల్లో మీటరు వైపు చూస్తూ మాట్లాడుకున్నారు. తర్వాత కాలింగ్ కార్డులు వచ్చాయి. ఇప్పుడు వాట్సాప్, ఐఎంఓ. ఇఖామా (అక్కడి నివాస అనుమతి) రెన్యువల్ అయిందా, పనిచ్చే కఫీల్ పాస్‌పోర్టు ఇచ్చాడా, అమ్మీకి షుగర్ ఎంత ఉంది, చెల్లెలికి వచ్చిన సంబంధం ఎలాంటిది, పైసలు ఎప్పుడు పంపుతావు? సంసారమంతా ఫోన్ మీదే నడుస్తున్న బస్తీ అది. ఫోన్ మీద ఎవరు చెవి పెట్టవచ్చన్న నియమం రాస్తున్నప్పుడు ముందుగా అడగవలసింది ఇలాంటి చోటనే కదా?

నిఘా అనగానే మనందరికీ ట్యాపింగ్ గుర్తొస్తుంది. ఎవరో హెడ్‌ఫోన్లు పెట్టుకుని మన మాటలు వింటున్నట్టు ఊహించుకుంటాం. నిజానికి ఇందులో మూడు వేరువేరు పనులున్నాయి, మూడింటికీ దారులు వేరు.

మొదటిది మాటల్ని వినడం. దీనికి ఆర్డరు కావాలి. కేంద్రంలో హోం శాఖ కార్యదర్శి, రాష్ట్రంలో రాష్ట్ర హోం శాఖ కార్యదర్శి ఆ ఆర్డరు ఇవ్వాలి. తప్పనిసరి పరిస్థితుల్లో సంయుక్త కార్యదర్శి స్థాయి అధికారి ఇవ్వవచ్చు. మారుమూల ప్రాంతమనో, ఆపరేషన్ అవసరమనో ఆ అనుమతికి వ్యవధి లేకపోతే, రాష్ట్రంలో ఐజీ స్థాయికి తగ్గని పోలీసు అధికారే ముందు ఆర్డరిచ్చి, తర్వాత ఆమోదం తెచ్చుకోవచ్చు. ఏడు పని దినాల్లో ఆమోదం రాకపోతే వినడం ఆపాలి, విన్నది చెరిపేయాలి. ఒక ఆర్డరు అరవై రోజులు చెల్లుతుంది. పొడిగిస్తూ పోయినా మొత్తం 180 రోజులు దాటకూడదు.

రెండోది కాల్ రికార్డు. మాటలు వినరు. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎన్ని గంటలకు, ఎంతసేపు, ఏ టవర్ కింద నుంచి అన్న జాబితా మాత్రం తీసుకుంటారు. కంపెనీలు ఈ జాబితాను కనీసం రెండేళ్లు దాచి ఉంచాలని 2021 డిసెంబర్‌లో లైసెన్సు షరతు మార్చారు. అంతకుముందు ఏడాదే. దీనికి హోం కార్యదర్శి ఆర్డరు అక్కర్లేదు. దర్యాప్తులో భాగంగా పోలీసు అధికారి అడిగితే కంపెనీ ఇస్తుంది. మాటలు లేవు కదా, ఏం తెలుస్తుందిలే అనుకోకండి. రాత్రి రెండింటికి ఒక స్త్రీ ఎవరికి ఫోన్ చేసింది, ఏ డాక్టరుకు వారంలో నాలుగుసార్లు చేసింది, ఏ వకీలును కలవడానికి పోయింది, శుక్రవారం నమాజు వేళ ఏ టవర్ కింద ఉంది, ఇవన్నీ మాట వినకుండానే తెలుస్తాయి. నన్నడిగితే మాటల కన్నా ఈ జాబితానే మనిషిని ఎక్కువగా పట్టిస్తుంది. మాటల్లో మనం దాచుకుంటాం, కదలికల్లో దాచుకోలేం.

మూడోది టవర్ డంప్. ఒక టవర్ పరిధిలో ఫలానా రోజు ఫలానా గంటల మధ్య ఉన్న నంబర్లన్నీ ఒకేసారి తీసుకోవడం. నేరం చేసినవాడు ఒకడే కావచ్చు. జాబితాలోకి వచ్చేది మాత్రం ఆ వేళ ఆ వీధిలో బిర్యానీ తింటున్నవాడు, పిల్లను ట్యూషన్ నుంచి తెస్తున్నవాడు, అందరూ.

2024 నాటి ముసాయిదా మొదటి దాని గురించే. రెండోదాన్నీ మూడోదాన్నీ అది ముట్టుకోలేదు. కాల్ రికార్డుల సంగతి ఎంత పెద్దదో 2020 తొలినాళ్లలో ఒకసారి బయటపడింది. కొన్ని టెలికం సర్కిళ్లలో ఫలానా రోజుల కాల్ రికార్డులు, అనుమానితులవి కాదు, చందాదారులందరివీ ఇవ్వమని టెలికం శాఖ అడుగుతోందంటూ మొబైల్ కంపెనీల సంఘం ఆ శాఖకే లేఖ రాసింది. ఆ సర్కిళ్లలో ఆంధ్రప్రదేశ్ ఒకటని పత్రికలు రాశాయి. టెలికం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే తెలంగాణ కూడా. బార్కస్ కూడా. కాల్ డ్రాప్‌ల ఫిర్యాదులు తేల్చడానికే అడిగామని, పేర్లు లేని సమాచారమేనని శాఖ జవాబు చెప్పింది. ఆ జవాబు సరైనదే కావచ్చు. కోట్ల మంది కాల్ రికార్డులు అడిగేముందు ఆ కోట్ల మందిలో ఒక్కరికైనా చెప్పాలని ఎవరికీ తోచకపోవడమే నన్ను కలతపెడుతోంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫోన్ వినే అధికారమే ప్రభుత్వానికి ఉండకూడదని నేననను. ఈ నగరం 2007లో మక్కా మసీదు పేలుడు చూసింది, అదే ఏడాది ఆగస్టులో గోకుల్ చాట్, లుంబినీ పార్కు చూసింది, 2013లో దిల్‌సుఖ్‌నగర్ చూసింది. చచ్చిపోయినవాళ్లలో అన్ని మతాల వాళ్లూ ఉన్నారు. ముందే పసిగట్టగలిగితే బతికేవాళ్లు కదా అన్న బాధ న్యాయమైనది. అపహరణకు గురైన పిల్లను వెతకాలన్నా, సైబర్ మోసగాణ్ణి పట్టుకోవాలన్నా నెట్‌వర్క్ సమాచారం కావాలి.

అదే మక్కా మసీదు పేలుడు తర్వాత జరిగింది కూడా ఈ నగరం మరిచిపోకూడదు. పాతబస్తీ నుంచి ఎంతో మంది ముస్లిం యువకులను పట్టుకుపోయారు. తర్వాత కోర్టుల్లో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే వాళ్లలో కొందరికి పరిహారం ఇచ్చింది. జైల్లో పోయిన వయసు పరిహారంతో వస్తుందా? ఇంకో సంగతి. 2021 అక్టోబర్‌లో గంజాయి తనిఖీల పేరిట హైదరాబాద్ పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్లను ఆపి, ఫోన్ తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట కొట్టి వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. ఎవరినీ బలవంతం చేయలేదని, జనమే సహకరిస్తున్నారని అధికారులు అన్నారు. రాత్రి పదింటికి లాఠీ పట్టుకున్న మనిషి ఫోన్ ఇవ్వమంటే ఇవ్వనని అనగలిగే పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఎక్కడున్నాడు? అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను స్టేషన్‌కు తీసుకుపోయే ఆపరేషన్ చబుత్రా, గల్లీ గల్లీ చుట్టుముట్టి ఇంటింటా కాగితాలడిగే కార్డన్ సెర్చ్, ఇవి ఎరిగిన బస్తీలకు నిఘా అంటే పుస్తకంలో చదివే మాట కాదు. వాళ్ల అనుభవం నియమాలు రాసేవాళ్లకు అవసరం. అందుకే అడగాలి.

అడిగితే చెప్పగలిగేది ఏముంది అనవచ్చు. చాలా ఉంది. ముందుగా ఆర్డరును సరిచూసే కమిటీ సంగతి చూద్దాం.

హోం కార్యదర్శి ఇచ్చిన ప్రతి ఆర్డరునూ సమీక్ష కమిటీ ముందు పెట్టాలి. రాష్ట్రంలో దానికి ప్రధాన కార్యదర్శి అధ్యక్షుడు, న్యాయశాఖ కార్యదర్శి ఒకరు, హోం శాఖది కాని మరో కార్యదర్శి ఒకరు. ముగ్గురూ ప్రభుత్వాధికారులే. జడ్జి లేడు, బయటి మనిషి ఒక్కడూ లేడు. రెండు నెలలకోసారి కూర్చోవాలి. కేంద్రంలోనూ ఇదే పద్ధతి. మరి వాళ్ల ముందుకు ఎన్ని ఆర్డర్లు వస్తాయి? పదేళ్లకు పైగా కిందట సమాచార హక్కు కింద వచ్చిన జవాబు ప్రకారం అప్పట్లో కేంద్రం ఒక్కటే నెలకు సగటున 7,500 నుంచి 9,000 దాకా ఫోన్ ట్యాపింగ్ ఆర్డర్లు ఇచ్చేది. ఈ లెక్కను పట్టుకున్న జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ మనకు కొత్తవారు కాదు. 2010లో తెలంగాణ ప్రశ్న మీద వేసిన కమిటీకి అధ్యక్షుడు ఆయనే. డేటా రక్షణ మీద 2018లో ఇచ్చిన నివేదికలో ఆయన కమిటీ ఈ లెక్కను ఎత్తి చూపింది. రెండు నెలలకోసారి కూర్చునే సమీక్ష కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఆర్డర్లు చూడాలి, అది జరిగే పని కాదని. పొద్దున పదింటికి కూర్చుని సాయంత్రం ఆరింటికి లేచినా ఒక్కో ఆర్డరుకు రెండు సెకన్లు కూడా రావు. రెండు సెకన్లలో మనిషి పేరు చదవడం కూడా పూర్తవదు.

2024 నియమాలు వచ్చేటప్పటికి ఈ లెక్క ప్రభుత్వానికి తెలుసు. అయినా కమిటీ అలాగే ఉంది. అదే ముగ్గురు, అదే రెండు నెలలు.

ఇలా ఉంటే ఏమవుతుందో వేరే దేశం పోయి వెతకనక్కర్లేదు. మన రాష్ట్రంలో మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి పెట్టుకున్న విభాగం స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో. 2024 మార్చి 10న పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో ఆ విభాగం అధికారే ఫిర్యాదు ఇచ్చారు. ప్రతిపక్ష నాయకులు, పత్రికలవాళ్లు, వ్యాపారులు, చివరికి న్యాయమూర్తి ఫోన్ కూడా విన్నారన్న ఆరోపణలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. 2023 డిసెంబర్ 3న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ఆ మర్నాడే హార్డ్ డిస్కులు ముక్కలు చేశారని, ఆ ముక్కలు మూసీలో పడేశారని పోలీసుల అభియోగం. ఆ విభాగం మాజీ అధిపతి సహా కొందరు పోలీసు అధికారులు నిందితులు. హైకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది. నేరం జరిగిందా, ఎవరు చేశారు అన్నది కోర్టు తేల్చవలసిన సంగతి. దాని మీద నేను తీర్పు చెప్పను.

ఈ కేసు బయటికొచ్చిన తీరు గురించి మాత్రం చెబుతాను. నియమాల్లోని ఏ ఏర్పాటూ దీన్ని పట్టుకోలేదు. సమీక్ష కమిటీ పట్టుకున్నట్టు మనకెవరూ చెప్పలేదు. ప్రభుత్వం మారింది కాబట్టి వెలుగులోకి వచ్చింది. తమ ఫోన్ విన్నారని చాలామంది నాయకులకు తెలిసింది 2025లో దర్యాప్తు బృందం సాక్ష్యం చెప్పమని పిలిచినప్పుడు. పేరున్నవాళ్లు కాబట్టి పిలిచారు. బార్కస్‌లో మొబైల్ రిపేరు చేసుకునే మనిషి ఫోన్ ఎవరైనా తప్పుగా విని ఉంటే అతనికి ఎవరు చెబుతారు? ఏ నియమం చెబుతుంది? పాత నియమాల్లో లేదు, 2024 నియమాల్లోనూ లేదు. ఆర్డరు రహస్యం, సమీక్ష రహస్యం. అవసరం తీరిన ఆర్డర్లనూ రికార్డులనూ ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని నియమమే చెబుతోంది. తనకు అన్యాయం జరిగిందని తెలియని మనిషి ఏ కోర్టుకు పోతాడు?

ఇందుకే ప్రజాభిప్రాయ సేకరణ ఇక్కడ అన్నిటికన్నా విలువైనది అంటున్నాను. రోడ్డు వెడల్పు చేస్తుంటే కనిపిస్తుంది, తర్వాత అయినా కోర్టుకు పోవచ్చు. ఫోన్ వినడం కనిపించదు. నియమం అమల్లోకి వచ్చాక మనకు దాని పని ఎలా సాగుతోందో తెలిసే దారి లేదు. మనం నోరు విప్పగలిగే వేళ ముసాయిదా గెజెట్‌లో ఉన్న ఆ ముప్పై రోజులు మాత్రమే. ఆ ముప్పై రోజులు కొందరికే అందితే, మిగిలినవాళ్లకు ఎప్పటికీ అందనట్టే.

దీనికి కాస్త వెనకటి కథ ఉంది. ఫోన్ వినే అధికారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోది. ఐదో సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్. పబ్లిక్ ఎమర్జెన్సీ ఉన్నప్పుడు, లేదా ప్రజల భద్రత కోసం అని రాశారు. తెల్లదొరలు మనల్ని ఏమైనా అడిగి రాశారా? స్వరాజ్యం వచ్చాక కూడా చాలాకాలం అడగలేదు. రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారన్న గొడవ తర్వాత పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు పోయింది. 1996 డిసెంబర్ 18న జస్టిస్ కుల్‌దీప్ సింగ్ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరూ అడ్డురాకుండా ఫోన్‌లో మాట్లాడుకోవడం ఏకాంత హక్కులో భాగమేనంది. హోం కార్యదర్శి ఆర్డరు, సమీక్ష కమిటీ, కాలపరిమితి అన్నీ ఆ తీర్పులోంచి వచ్చినవే. ముందుగా జడ్జి అనుమతి ఉండాలన్న వాదనను మాత్రం కోర్టు ఒప్పుకోలేదు, చట్టంలో ఆ ఏర్పాటు లేదు కాబట్టి. ఆ మార్గదర్శకాలే తర్వాత టెలిగ్రాఫ్ నియమాల్లో 419ఏ నియమంగా మారాయి, 2007లో దాన్ని పూర్తిగా తిరగరాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకాంతం ప్రాథమిక హక్కేనని తేల్చారు.

ఈ హక్కు దారిలో మన హైదరాబాద్ అడుగులూ ఉన్నాయి. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం కలెక్టర్ పంపిన మనిషి ఎవరైనా బ్యాంకులో ఖాతాదారుల కాగితాలు తిరగేయగలిగేవాడు. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్ ఒక పక్క, కెనరా బ్యాంకు మరో పక్క నిలబడ్డ ఆ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని కొట్టేసింది. ఏకాంతం స్థలానికి సంబంధించినది కాదు, మనిషికి సంబంధించినదని చెప్పింది. కాగితం బ్యాంకులో ఉన్నా నా ఏకాంతం నాతోనే ఉంటుంది. అదే లెక్కన నా కాల్ జాబితా కంపెనీ దగ్గర ఉన్నా నాదే. పుట్టస్వామి తీర్పు రాసినవాళ్లు ఈ హైదరాబాద్ కేసును ఆధారంగా చూపారు. మనం గర్వపడవలసిన సంగతి, కానీ మన బడి పుస్తకాల్లో కనిపించదు.

1885 చట్టం స్థానంలో కొత్త చట్టం తేవడానికి 2022 సెప్టెంబర్‌లో ముసాయిదా బిల్లు పెట్టి అభిప్రాయాలడిగారు, గడువు రెండుసార్లు పొడిగించి నవంబర్ 10 దాకా ఇచ్చారు. అది మంచి పనే. 2023 డిసెంబర్‌లో బిల్లు పార్లమెంటులో చర్చకు వచ్చేసరికి ఉభయసభల్లో కలిపి 140 మందికి పైగా ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు. రెండు రోజుల్లో రెండు సభలూ దాటింది. ఆ చట్టంలో సందేశం అంటే గుర్తు, రాత, బొమ్మ, శబ్దం, వీడియో, డేటా ప్రవాహం అన్నీ. తంతి కాలం నాటి అధికారం ఇప్పుడు చేతిలోని ఫోన్ మొత్తానికీ విస్తరించింది. దాన్ని అమలు చేసే నియమాల మీదే ఆ ముప్పై రోజుల గడువు.

ప్రజలను ఎలా అడగాలో చెప్పే విధానం మన దేశంలో ఉంది. 2014 ఫిబ్రవరిలో కేంద్రం ఒప్పుకున్న ప్రీ లెజిస్లేటివ్ కన్సల్టేషన్ పాలసీ. చట్టమైనా నియమమైనా ముసాయిదాను కనీసం ముప్పై రోజులు ప్రజల ముందు పెట్టాలి. ఎందుకు తెస్తున్నారో, దాని వల్ల జనం మీద ఏ ప్రభావం పడుతుందో తేలిక భాషలో చెప్పాలి. ప్రత్యేకంగా ఎవరి మీదైనా ప్రభావం ఉంటే వాళ్లకు పత్రికల ద్వారా, రేడియో, టీవీల ద్వారా చేరేలా చూడవచ్చు. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని శాఖ తన వెబ్‌సైటులో ఉంచాలి. ఇవి నా కోరికలు కావు, ప్రభుత్వం తనకు తాను పెట్టుకున్న పద్ధతి. గెజెట్ అచ్చయ్యేది హిందీలో, ఇంగ్లీషులో. బార్కస్ ఇళ్లలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, పెద్దవాళ్లు కొందరికి అరబీ, బజారులో తెలుగు. చదువుకున్న పిల్లలకైనా ఆ గెజెట్ ఇంగ్లీషు ఒకసారి చదివితే తలకెక్కదు. నేను నాలుగైదుసార్లు చదివితే గాని అర్థం కాలేదు.

ఈ మైకు ముందు కూర్చున్నందుకు ఒక మాట అడగాలనిపిస్తోంది. ఆకాశవాణి హైదరాబాద్ నుంచి రోజూ తెలుగులోనూ వార్తలు వస్తాయి, ఉర్దూలోనూ వస్తాయి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఈ రేడియోలో ఒక ముసాయిదాను రెండు భాషల్లో, పది నిమిషాలు, వారానికోసారి చదివితే ఖర్చెంత? మండల కార్యాలయాల్లో, జీహెచ్‌ఎంసీ వార్డు ఆఫీసుల్లో ఓటర్ల జాబితా అంటిస్తారు కదా, ముసాయిదా సారాంశం అంటిస్తే ఏమవుతుంది? బార్కస్ మైదానంలో సాయంత్రం ఫుట్‌బాల్ చూడడానికి వచ్చినవాళ్ల మధ్య టెలికం శాఖ అధికారి ఒకరు కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆయనకు వినిపించేవి వకీళ్లు రాయలేని సంగతులు. నా కొడుకు యెమెన్ నంబరుకు ఫోన్ చేస్తే నన్ను అనుమానిస్తారా సాబ్? నా పేరు మీద ఎవరో సిమ్ తీసుకుంటే నా మీదికొస్తుందా? నా బిడ్డ ఫోన్‌లోని ఫొటోలు మగ పోలీసు చూడవచ్చా? ఆ ప్రశ్నలకు జవాబులు రాస్తే నియమాలు ఇంకో రకంగా ఉండేవి.

జనం గొంతెత్తితే మార్పు వస్తుందా అని నిరాశగా అడిగేవాళ్లకు 2025 డిసెంబర్ మొదటి వారం గుర్తుచేస్తాను. ప్రతి కొత్త ఫోన్‌లోనూ సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలని టెలికం శాఖ నవంబర్ 28న తయారీదార్లకు ఆదేశమిచ్చింది. ఎవరినీ అడగలేదు. డిసెంబర్ 1న సంగతి బయటపడింది. పోయిన ఫోన్ వెతకడానికి, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవడానికి పనికొచ్చే యాప్ అది. పోయిన ఫోన్లు తిరిగి పట్టివ్వడంలో తెలంగాణ పోలీసులు దేశంలో ముందు వరుసలో ఉన్నారు, అది నేను మెచ్చుకునే పని. అయినా తీసేయడానికి వీల్లేని సర్కారీ యాప్ నా జేబులో ఎందుకని దేశమంతా అడిగింది. డిసెంబర్ 3న ఆ తప్పనిసరి షరతు ఎత్తేశారు. మంచి యాప్ మీద కూడా నమ్మకం పోవడానికి కారణం ముందు అడగకపోవడమే. అడిగి ఉంటే చాలామంది తమంతట తామే వేసుకునేవారు.

బయటి దేశాలవైపు ఒక్కసారి చూద్దాం. అమెరికాలో 1968 చట్టం ప్రకారం నేర దర్యాప్తులో ఫోన్ వినాలంటే జడ్జి ఆర్డరు కావాలి. వినడం ముగిశాక మామూలుగా 90 రోజుల్లోగా ఆ మనిషికి తెలియజేయాలి, జడ్జి కారణం చూసి వాయిదా వేస్తే తప్ప. ఏటా ఎన్ని ఆర్డర్లిచ్చారో లెక్క అచ్చు వేస్తారు. అక్కడా దేశభద్రత పేరిట వేరే దారులున్నాయి, దుర్వినియోగమూ జరిగింది. అయినా డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువాడికి ఉన్న ఈ పాటి రక్షణ ఇక్కడి తల్లికి లేదు. దక్షిణాఫ్రికాలో ఒక పాత్రికేయుడి ఫోన్ విన్నారు. ఆయన కేసులో రాజ్యాంగ న్యాయస్థానం 2021 ఫిబ్రవరి 4న తీర్పు చెబుతూ, విన్న తర్వాత ఆ మనిషికి చెప్పే ఏర్పాటు లేని చట్టం చెల్లదంది. బ్రిటన్‌లో 2016 చట్టం ప్రకారం మంత్రి సంతకం చేసినా న్యాయ కమిషనర్ ఒప్పుకుంటే గాని వారంటు చెల్లదు.

మన దగ్గర లెక్క అడిగితేనే తలుపు తీయరు. ఎన్ని నిఘా ఆర్డర్లు ఇచ్చారో సంఖ్య మాత్రం చెప్పమని న్యాయవాది అపార్ గుప్తా 2018 చివర్లో సమాచార హక్కు కింద హోం శాఖను అడిగారు. పేర్లు అడగలేదు, నంబర్లు అడగలేదు. అయినా ఇవ్వలేదు, ఆ వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా పోయింది. లెక్క చెప్పినంత మాత్రాన ఏ ఉగ్రవాది తప్పించుకుంటాడు?

కాబట్టి ఇక ముందు ఇలాంటి ముసాయిదాలు వచ్చినప్పుడు (2025లో టెలికం సైబర్ భద్రత నియమాలకు సవరణ ముసాయిదా వచ్చినట్టు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయి) మనం రాయవలసినవి నాకు తోచినంతవరకు ఇవి. ఆర్డరు మీద జడ్జి సంతకం ఉండాలి. వినడం అయిపోయి, కేసుకు అడ్డం లేదనుకున్నాక ఆ మనిషికి ఒక కాగితం ముక్క అందాలి. ఏటా రాష్ట్రాల వారీగా లెక్క శాసనసభ ముందు పెట్టాలి. కాల్ జాబితాకు, టవర్ డంప్‌కు కూడా ఇంతటి కట్టుబాటే ఉండాలి. వీటిలో అన్నిటికన్నా రెండోది నాకు ముఖ్యం. తెలిస్తే మిగిలినవి మనిషే అడుగుతాడు.

అంతవరకు ఆగనక్కర్లేని పని ఒకటుంది. సమాచార హక్కు చట్టం ఆరో సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులోనో హిందీలోనో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలోనో రాయవచ్చు. మన రాష్ట్రంలో తెలుగుతో పాటు ఉర్దూ కూడా 2017 నుంచి రాష్ట్రమంతటా రెండో అధికార భాష. అంటే బార్కస్‌లో ఒక డిగ్రీ విద్యార్థి ఉర్దూలో, మీ ఊళ్లో ఒక టీచరు తెలుగులో, టెలికమ్యూనికేషన్ల శాఖ పౌర సమాచార అధికారికి రాయవచ్చు. రుసుము పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అడగవలసినవి: 2024 ఆగస్టు 28 నాటి ముసాయిదా మీద ఎన్ని అభిప్రాయాలు వచ్చాయి, ఏ ఏ భాషల్లో వచ్చాయి, తెలంగాణ నుంచి ఎన్ని, వాటి సారాంశం ఎక్కడ ఉంచారు, వాటిలో ఏది ఒప్పుకుని ఏ నియమం మార్చారు, మార్చకపోతే ఎందుకు మార్చలేదు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు అదే శాఖలోని పై అధికారికి, రెండోది కేంద్ర సమాచార కమిషన్‌కు. వీటికి రుసుము లేదు.